నోరు తెరవగానే ఆగిపోయే వీడియో

ఆ వీడియో మొదటిసారి ఆగిపోయినప్పుడు నేను అనుమానించింది మా యజమానిని.

అనుమానించడానికి కారణం లేకపోలేదు. తొంభైల దశకం చివరి రోజులవి. నల్లగొండ క్లాక్‌టవర్ నుంచి లోపలికి పోయే ఒక సందులో ఆయన చాలా ఏళ్ళుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. నేను అక్కడే టైపు నేర్చుకుని, అక్కడే నేర్పడానికి చేరాను. రామన్నపేటలో మా ఇంటి నుంచి పొద్దుటి బస్సుకు వచ్చి, పొద్దుగూకేలోపు తిరిగి పోయేదాన్ని. టైపుకు వచ్చే పిల్లలు తగ్గిపోతుంటే ఆయన సగం మిషన్లు అమ్మేసి, ఆ జాగాలో రెండు కంప్యూటర్లు పెట్టి, ఫోను తీగకు మోడెమ్ తగిలించి, బయట ఇంటర్నెట్ అని బోర్డు రాయించారు. నన్ను హైదరాబాద్ పంపి ఆ పని నేర్పించిందీ ఆయనే.

ఆయన్ను అందరం సాబ్ అనే పిలిచేవాళ్ళం. అరవై దాటిన మనిషి. ఎదుటివాళ్ళను నమ్మడంలో ఆయనకు ఎప్పుడూ తొందర లేదు. ఇంటర్నెట్ వస్తే మగపిల్లలు చూడకూడనివి చూస్తారని ఎవరో ఆయన చెవిన వేశారు. అప్పటి నుంచి కంప్యూటర్ల తెరలు వాకిట్లోకి కనబడేలా పెట్టించి, ఏదో వెతుక్కుంటున్నట్టు కుర్చీల వెనక తిరుగుతూ ఉండేవారు.

"బిడ్డా, ఈమెయిల్ చూపియ్యి, పరీక్షల రిజల్ట్ చూపియ్యి. ఆడే బొమ్మలు మాత్రం వద్దు. గవి ఒక్కసారి మొదలైతే ఆగవు" అని నాకు గట్టిగా చెప్పి పెట్టారు.

ఆయన ఇల్లు ఆ గది వెనకే. ఫోను లైను ఒక్కటే అయినా ఇంట్లో ఇంకో ఫోను ఉండేది. లోపల ఎవరైనా దాన్ని ఎత్తితే ఇక్కడ నా ఇంటర్నెట్ తెగిపోయేది. కాబట్టి ఏ తంటా వచ్చినా నా చూపు ముందు ఆ వెనక గుమ్మం వైపే పోయేది.

వీడియో కోసం వచ్చినామెకు యాభై ఏళ్ళుంటాయి. మునుగోడు దిక్కు నుంచి వచ్చే బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ మా సందు పట్టుకుంది. చెప్పులు గడప బయటే విడిచి, లోపలికి రావచ్చో రాకూడదో తెలియనట్టు నిలబడింది. కొంగు ముడి విప్పి బీడీ కట్ట కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది. దాని వెనక ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో వెబ్‌సైట్ చిరునామా రాసిచ్చారు.

"ఇండ్ల మా ఇంటాయన ఉన్నడట బిడ్డా. మాట్లాడుతడట. జర చూపియ్యవా?"

"ఆయనెక్కడున్నడు పెద్దమ్మా?"

"లేడు. మొన్న ఆరుద్ర కార్తెల పోయిండు."

కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పింది. వాళ్ళ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు. అది నాకు కొత్త సంగతి కాదు. ఆ దిక్కు నుంచి టైపుకు వచ్చే పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు, పళ్ళ మీది గోధుమరంగు మచ్చలు కనబడకుండా. ఆమె భర్తకు పళ్ళతో ఆగలేదు. నడుము వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే తల తిప్పలేక మనిషే మొత్తం తిరగాల్సి వచ్చేదట. ఆయన పోవడానికి ముందటి ఏడు ఏదో విదేశీ సంస్థ వాళ్ళు కెమెరా పట్టుకుని ఊరికి వచ్చి ఆయనతో మాట్లాడించుకుని పోయారు. ఆ రోజు ఈమె పత్తి ఏరడానికి పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, వాళ్ళేమడిగారని అడిగితే "ఏందో అడిగిండ్రు, ఏందో చెప్పిన" అని ఊరుకున్నాడట.

అంతటితో పోయేదే. కానీ ఈ మధ్య ఆ ఊళ్ళో ఒక రైతు బిడ్డకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. మగపెళ్ళివారి చుట్టం ఒకతను హైదరాబాద్‌లో చదువుతున్నాడు. అతను కాలేజీ కంప్యూటర్‌లో ఆ వీడియో చూశాడట. మా ఊరితో వియ్యం వద్దు, మా ఊరికి పిల్లనివ్వొద్దు, మా ఊరి పిల్లను తీసుకోవద్దు అని అందులో ఒక ముసలాయన చెబుతున్నాడని ఫోను చేసి చెప్పాడు. ఊళ్ళో కెమెరా ముందు కూర్చున్న ముసలాయన ఒక్కడే. ఆయన ఇప్పుడు లేడు. ఉన్నది ఈమె.

"కూలికి పిలుస్తలేరు బిడ్డా. బోరింగు కాడికి పోతే బిందెలు తీస్కొని ఆడోళ్ళు ఎళ్ళిపోతున్నరు. ఆయన గట్ల అనడు. అన్నడో, నాకేమెరుక? నా చెవుల వింటే నాకు నమ్మకం కుదురుతది."

సాబ్ వైపు చూశాను. ఆయన అంతా విన్నారు. ఆడే బొమ్మలు వద్దన్న మాట ఆయన నోట్లోనే ఉండిపోయింది. తల ఊపి ఇంట్లోకి పోయారు.

పేజీ మెల్లగా తెరుచుకుంది. అగ్గిపెట్టె అంత కిటికీలో వీడియో మొదలైంది. ముందు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత మన జిల్లా పటం, తర్వాత ఒక బోరింగు ఫోటో. ఆ తర్వాత నులక మంచం మీద కూర్చున్న మనిషి. వంగిన నడుము, ముందుకు వచ్చిన తల. ఆమె వంగి చూసి, "మా ఇంటాయనే" అంది. తెర మీదికి వేలు చాచి, ముట్టుకోకుండా మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఆయన చెయ్యి లేపాడు. నోరు తెరిచాడు.

అంతే, ఆగిపోయింది. స్పీకర్‌లోంచి ఒకటే గరగర. మౌస్ కదిపితే బాణం కదల్లేదు. తెర మూల గడియారం కూడా నిలిచిపోయింది. మూడు మీటలు కలిపి నొక్కితే ఎంతోసేపటికి బ్రౌజర్ 'నాట్ రెస్పాండింగ్' అని ఒక డబ్బా వచ్చింది, అదీ అక్కడే బిగుసుకుంది. చివరికి స్విచ్ ఆపేశాను. తెర నల్లబడింది.

"ఎందుకు ఆర్పినవ్ బిడ్డా?" అంది ఆమె. గొంతులో కోపం లేదు. కానీ అప్పటిదాకా నా మొహం చూసి మాట్లాడిన మనిషి ఆ మాట నా చేతిని చూస్తూ అడిగింది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడే. ఇంకోసారి పెట్టాను. చెయ్యి లేపాడు, నోరు తెరిచాడు, ఆగిపోయాడు. ప్రతిసారీ సాబ్ లోపలే ఉన్నారు. వచ్చే వారం మళ్ళీ వస్తానని చెప్పి ఆమె బస్సుకు పోయింది.

ఆ రాత్రికల్లా నాకు అనుమానం గట్టిపడింది. సాబ్‌కు వీడియోలు ఇష్టం లేదు. కాదని చెప్పడానికి మొహమాటం. లోపల కూర్చుని ఫోను ఎత్తి పెడితే పని అయిపోతుంది. మర్నాడు లైన్‌లో గరగర వస్తోందని వంక పెట్టి, లోపలి ఫోను ఇవతలికి తెచ్చి పెట్టమన్నాను.

ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశారు. "ఎందుకు? మా ఇంట్ల ఎవరు ఏం మాట్లాడుతున్నరో వినాల్నా నీకు?"

"అది కాదు సాబ్. ఒకవేళ లోపల ఎవరైనా ఎత్తుతున్నరేమో."

ఆయనకు అర్థమైంది. లోపలికి పోయి, ఫోను తీగతో సహా ఊడదీసుకుని వచ్చి, నా ఎదురుగా కుర్చీ వేసుకుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇగో. నా ఒళ్ళె ఉంది. ఇప్పుడు ఆడియ్యి."

వీడియో పెట్టాను. అక్షరాలు, పటం, బోరింగు, మంచం. నోరు తెరిచాడు. ఆగింది.

"నేను ముట్టలే" అన్నారు సాబ్.

"ముట్టలేదు" అన్నాను.

తర్వాత ఫోను కింద పెట్టి, "నేను నిన్ను అనుమానించిన" అన్నారు. "నేను లేనప్పుడు ఏదో కెలుకుతున్నవ్, గందుకే మిషన్ ఖరాబ్ అయితాంది, నాకు చెప్తలేవు అనుకున్న."

ఒకే గదిలో కూర్చుని ఇద్దరం ఒకరిమీద ఒకరం కాపలా కాస్తున్నామన్నమాట. ఆ తర్వాత కూడా పూర్తిగా మానేశామని చెప్పలేను గానీ, ఆ రోజు నుంచి కాపలా మనుషుల మీద నుంచి కొంత మిషన్ మీదికి మళ్ళింది.

వారం తిరిగేసరికి ఆమె ఒంటరిగా రాలేదు. వెంట ఒకాయన వచ్చాడు. సంబంధం తప్పిపోయిన అమ్మాయి తండ్రి ఆయనే. భుజం మీద తువ్వాల, చేతిలో గొడుగు. ఆమెను రమ్మని ఆయన పిలవలేదు, ఆయన్ను రమ్మని ఆమె పిలిచిందట. "నువ్వే వచ్చి విను. గాయన గట్లంటే నువ్వేమన్న పడ్త" అని.

కూర్చోమంటే కూర్చోలేదు. నా కుర్చీ వెనక నిలబడి, తెరను కాదు, నా కుడిచేతిని చూస్తున్నాడు. నా మెడ మీద ఆ చూపు తెలుస్తోంది. వాళ్ళు రాకముందు ఆ పొద్దునే పాత ఫైళ్ళన్నీ తుడిచాను, వీడియో ప్లేయర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను, బ్రౌజర్ కూడా మార్చాను. ఈసారి ఆడుతుందనే ఆశ. మంచం మీది మనిషి వచ్చాడు. చెయ్యి లేపాడు. నోరు తెరిచాడు.

"చూస్తివా?" వెనక నుంచి ఒక్క కేక. "సరిగ్గ మాట కాడికి రాంగనే ఆపింది. గా ఎలుకను నొక్కింది. నేను చూసిన!"

"నేను నొక్కలేదు కాకా. అదే ఆగింది."

"అదే ఎట్ల ఆగుతది? రాతలున్నప్పుడు ఆగదు. పటమున్నప్పుడు ఆగదు. మనిషి నోరు తెరవంగనే ఆగుతదా? మాట దాస్తున్నరు మీరు. ఈమె ముందుగాల్నే వచ్చి నీకేం చెప్పిపోయిందో."

ఆమె గోడకు ఆనుకుని ఉంది. "నేనేం చెప్త? నాకు గూడ వినాల్ననే ఉన్నది. నీకెంత ఉన్నదో నాకంతకు ఎక్కువున్నది" అంది.

నేను లేచి కుర్చీ ఆయనకు జరిపాను. "నువ్వే పట్టుకో కాకా. నేను ముట్టను."

ఆయన కూర్చున్నాడు. జారిపోయే కప్పను పట్టుకున్నట్టు మౌస్‌ను అరచేత్తో అదిమి పట్టాడు. ఎక్కడ నొక్కాలో వేలితో చూపించి, నేను గోడ దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాను. వీడియో నడిచింది. ఆయన చేతిలోనే ఆగిపోయింది. షాక్ కొట్టినట్టు చెయ్యి లాక్కుని లేచాడు.

"నేనేం చెయ్యలే!"

"మేం గూడ గదే చెప్తున్నం భాయ్" అన్నారు సాబ్.

అయినా ఆయనకు తృప్తి లేదు. బల్ల వెనక్కి పోయి తీగలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో వేలితో వెంబడించాడు. "ఎనక ఇంకో మిషన్ ఉన్నదా?" అని అడిగాడు. సాబ్ మొహం ఎర్రబడింది. కానీ లోపలికి ఒక మాట వేసి, ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నాక, ఆయన్ను తీసుకుపోయి వంటగది దాకా చూపించి తెచ్చారు. ఆయన తిరిగొచ్చి, "ఏం కనబడలే" అన్నాడు, కనబడకపోవడమే పెద్ద మోసం అయినట్టు.

గడప దాటుతూ నాతో అన్నాడు: "వచ్చే వారం మల్ల వస్త. గప్పుడు గూడ ఆగితే, ఊళ్ళె నేను చెప్పేది నేను చెప్పుకుంట."

ఆమె బయట చెప్పులు తొడుక్కుంది. ఇద్దరూ ఒకే బస్సుకు, ఒకరి వెనక ఒకరు పది అడుగుల ఎడంలో పోయారు.

బస్సులో ఇంటికి పోతుంటే ఆయన కేకే చెవిలో ఉంది. రాతలున్నప్పుడు ఆగదు, పటమున్నప్పుడు ఆగదు. కోపంతో అన్న మాటే గానీ, నిజమే. అక్షరాలు కదలవు, పటం కదలదు, బోరింగు ఫోటో కదలదు. ఆ వీడియోలో మొట్టమొదట కదిలేది ఆయన చెయ్యి, ఆయన నోరు. అయితే ఆగేది మాట దగ్గర కాదు, కదలిక దగ్గరేమో.

మర్నాడు కంప్యూటర్‌తో పాటు వచ్చిన సీడీ ఒకటి వెతికి తీశాను. అందులో జంతువుల గురించి పాఠాలు, మధ్యలో సింహం పరుగెత్తే చిన్న వీడియో ఉండేవి. ఫోను తీగ ఊడదీసి పక్కన పెట్టాను. ఇప్పుడు ఇంటర్నెట్ లేదు, వెబ్‌సైట్ లేదు, బయటివాళ్ళెవరూ లేరు. సీడీ వేసి నొక్కాను. సింహం ముందరి కాలు లేపింది. అక్కడే ఆగిపోయింది. అదే గరగర.

"సాబ్, ఇంటర్నెట్‌ది కాదు. దొంగ ఇంట్లనే ఉన్నడు" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి వెనక గుమ్మం వైపు చూశారు. "మిషన్ల సాబ్, మిషన్ల" అనాల్సి వచ్చింది.

ఆ సింహం వేసవికి ముందు బాగానే పరుగెత్తేది. నేనే పిల్లలకు చూపించాను. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని అడిగితే సాబ్‌కు గుర్తొచ్చింది. ఎండాకాలంలో తెర మీద రంగులు పచ్చగా మారిపోతే, హైదరాబాద్ నుంచి వచ్చిన రిపేరు మనిషి పెట్టె విప్పి లోపల ఒక కార్డు మార్చి పోయాడు. తెర మీద బొమ్మలు గీసే కార్డు. పాతది ఆయనే పట్టుకుపోయాడు. సాబ్ అనుమానం ఒక్క దెబ్బకు ఆ రిపేరు మనిషి మీదికి దూకింది. మంచి కార్డు ఎత్తుకుపోయి పనికిరాని సరుకు అంటగట్టాడని తిట్టారు. నిజంగా అలా చేశాడో, దొరికింది పెట్టి పోయాడో, మాకు ఎప్పటికీ తెలియలేదు.

రెండో కంప్యూటర్‌లో పెట్టి చూద్దామంటే అది పాతది. స్పీకర్లు లేవు, పిల్లలు టైపు నేర్చుకోవడానికే పనికొచ్చేది. ఇక కంప్యూటర్‌లోనే ఉండే సహాయం పేజీలు తెరిచాను. అందులో లోపం పట్టుకోవడానికి ఒక ప్రశ్నల వరస ఉంటుంది. అది అడుగుతుంది, మనం అవును, కాదు అని నొక్కాలి. తెర వణుకుతోందా? కాదు. రంగులు తప్పుగా ఉన్నాయా? కాదు. బొమ్మ కదిలినప్పుడు మిషన్ బిగుసుకుపోతోందా? అవును. అలా అడిగి అడిగి చివరికి ఒక చోటికి తీసుకుపోయింది. అక్కడ ఎడమ నుంచి కుడికి జరిగే చిన్న బొత్తం ఒకటి ఉంది. అది పూర్తిగా కుడివైపు ఉంటే వీడియో గీసే పని మొత్తం ఆ కార్డు చేస్తుంది, తొందరగా చేస్తుంది. ఎడమకు జరిపితే కార్డును పక్కన పెట్టి కంప్యూటర్ తానే గీస్తుంది, నిదానంగా గీస్తుంది. మాది పూర్తిగా కుడివైపు ఉంది. చేతగాని కార్డు మీద పనంతా పెట్టి, అది చేసేదాకా మిగతా మిషన్ నోరు మూసుకుని నిలబడుతోందన్నమాట.

ఎడమకు జరిపాను. మిషన్ ఆపి మళ్ళీ వేశాను. సింహం కాలు లేపింది, కాలు దించింది, గడ్డిలోకి పరుగెత్తింది.

వెంటనే ఆ వీడియో తెరవబోతే సాబ్ నా చెయ్యి ఆపారు. "వద్దు. వాళ్ళు లేనిది చూడకు. చూసినవంటే, మార్చినవ్ అంటరు."

ఆ మాటలో చాలా అనుభవం ఉంది. మధ్యమధ్య లైను తెగకుండా ఉండాలని వీడియోను ముందుగానే మిషన్‌లోకి దించి పెట్టుకున్నాను. లైను తెగితే మళ్ళీ మొదలుపెట్టి, తెగితే మళ్ళీ, ఎట్లాగో మొత్తం వచ్చింది. కానీ తెరవలేదు.

ఆ వారం వాళ్ళు ముగ్గురు వచ్చారు. మూడో మనిషి నల్లకోటు వేసుకున్న కుర్ర వకీలు. అమ్మాయి తండ్రి, ఆ పెద్దాయన, వకీలును ఊరి నుంచి తేలేదు. క్లాక్‌టవర్ దగ్గర ఛాయ్ తాగుతుంటే పట్టుకుని, ఇంగ్లీషు వస్తుందని అడిగి లాక్కొచ్చాడు. "ఈయన మీకు చుట్టం గాదు, నాకు చుట్టం గాదు. ఇంగ్లీషుల ఏముంటే గది ఈయన చెప్తడు. నువ్వు చెప్పకు" అన్నాడు నాతో. వకీలు చేతిలో ఇంకా సగం తిన్న బిస్కెట్ ఉంది.

వీడియో నొక్కాను. అక్షరాలు. పటం. బోరింగు. మంచం. చెయ్యి లేపాడు. నోరు తెరిచాడు.

"నీ డబ్బ జర కిందికి దించు సారూ. నేను పైకి చూడలేను. నువ్వే వంగాలె."

తెర మీద ఆయన నవ్వాడు. కెమెరా కిందికి దిగింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "గట్లనే మాట్లాడుతడు" అంది. "డాక్టర్ తోని గూడ గట్లనే."

అంతలో ఆయన మాట సన్నగిల్లి, దాని మీద ఒక గంభీరమైన ఇంగ్లీషు గొంతు ఎక్కింది. వకీలు చెవి పెట్టి విని చెప్పసాగాడు: "ఈ ఊరి వాళ్ళకు పక్క ఊళ్ళ వాళ్ళు పిల్లనిస్తలేరు, ఈ ఊరి పిల్లను చేసుకుంటలేరు అంటున్నడు..."

"గదే! గదే మాట!" పెద్దాయన గొడుగు నేలకేసి కొట్టాడు. "ఆయన మాటనే ఇంగ్లీషుల చెప్తున్నరు. ఇంకేం గావాలె? ఇన్నవా?" అని ఆమె మీదికి తిరిగాడు.

ఆమె చూపు తెర మీదే ఉంది. నాకు ఏదో చెప్పాలని ఉంది, కానీ నన్ను మాట్లాడొద్దన్నారు. వీడియో అయిపోయింది.

"ఇంకొక్కసారి ఆడియ్యి" అన్నాడు పెద్దాయన. గెలిచిన మనిషి మళ్ళీ వినాలనుకున్నట్టే అడిగాడు. మళ్ళీ పెట్టాను. ఈసారి ఆయన తెరకు దగ్గరగా, దాదాపు ముక్కు తగిలేలా వంగాడు. ఇంగ్లీషు గొంతు మొదలైంది. మంచం మీది మనిషి మాట్లాడుతున్నాడు. ఒకచోట మాట ఆపి, పెదాలు మూసి, పక్కనున్న చెంబు అందుకుని నీళ్ళు తాగాడు.

"ఆగు" అన్నాడు పెద్దాయన. ఆపాను. వెనక్కి జరిపి మళ్ళీ చూపించాను. ఆయన నిదానంగా అన్నాడు: "నోరు మూసిండు గదా. నీళ్ళు తాగుతుండు. మరి మాట ఎట్ల వస్తాంది?"

ఆయనకే తెలిసిపోతోంది.

"గా మాట ఈయనది గాదు" అన్నాడు.

"వీడియో తీసినోళ్ళదండీ" అన్నాడు వకీలు. "ఆయన మాట కింద పెట్టి, మీద వాళ్ళ మాట పెట్టుకున్నరు."

సాబ్ లేచి వచ్చి స్పీకర్ మొత్తం పెంచారు. అందరం దాని చుట్టూ చెవులు పెట్టాం. ఇంగ్లీషు గొంతు ఊపిరి తీసుకునే సందుల్లో, అడుగున, ఆ మనిషి తెలుగు ముక్కలు ముక్కలుగా వినిపించింది. "తెల్లగ ఉంటయి సారూ... వాసన లేదు, చేదు లేదు... మా నాయిన తాగిండు, నేను తాగిన... నీళ్ళ మీద అనుమానం ఎట్ల వస్తది?" తర్వాతది మళ్ళీ ఇంగ్లీషులో మునిగిపోయింది. చిట్టచివర ఇంగ్లీషు ఆగాక "గంతే సారూ" అన్న మాట ఒక్కటి తేటగా వచ్చింది.

వినబడినంతలో పెళ్ళి మాట ఎక్కడా లేదు.

పెద్దాయన కళ్ళలో అనుమానం పోలేదు, దారి మార్చుకుంది. "మరి గా మాట వాళ్ళకెవరు చెప్పిండ్రు?" అన్నాడు. "ఊళ్ళె ఎవరో చెప్పకపోతే బయటోళ్ళకు ఎట్ల తెలుస్తది?"

ఆమె గోడ దగ్గర నుంచి మెల్లగా అంది: "గా దినం వాళ్ళకు ఛాయ్ పోసింది మీ ఇంట్లనే గదా."

కసిగా అనలేదు. గుర్తు చేసినట్టు అంది. పెద్దాయన ఏదో అనబోయి ఆగిపోయాడు. సంబంధాలు రావడం లేదని ఎన్నిసార్లు ఎంతమందితో అన్నాడో, ఆ రోజు ఛాయ్ తాగుతూ కూర్చున్న వాళ్ళతో అన్నాడో లేదో, లెక్క వేసుకుంటున్నట్టుంది. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. వకీలు తనకు కోర్టుకు టైమైందని వెళ్ళిపోయాడు. పోతున్నప్పుడు ఆ ఇద్దరూ మునుపటిలాగే ఒకరి వెనక ఒకరు పోయారు, కానీ మలుపు దగ్గర ఆయన ఆగి, ఆమె వచ్చేదాకా నిలబడ్డాడు. అది వాకిట్లోంచి చూశాను.

తప్పిపోయిన సంబంధం మళ్ళీ కలవలేదు. మగపెళ్ళివారికి వీడియో సంగతి చెప్పి పంపితే, మాట ఎవరిదైతేనేం, నీళ్ళు అవే కదా అన్నారట. ఆమెను మాత్రం పనికి పిలవడం మొదలైంది. తర్వాత ఆమె మా దగ్గరికి ఇంకొన్నిసార్లు వచ్చింది. మొదటి మాట వరకే చూసేది, డబ్బ కిందికి దించమన్నంత వరకు. ఇంగ్లీషు మొదలవగానే చాలు బిడ్డా అనేది. వీడియోలు వద్దన్న సాబ్ ఆమె వస్తే తానే స్పీకర్ సవరించేవారు.

పెద్దాయన బిడ్డకు మరుసటి ఏడు ఆత్మకూరు దిక్కు సంబంధం కుదిరింది. పెద్దాయన స్వయంగా వచ్చి పిలిచాడు. సాబ్, నేను బస్సులో పోయాం. పందిట్లో కూర్చోగానే ముందర నీళ్ళ గ్లాసులు పెట్టారు. సాబ్ నా వైపు చూశారు, నేను సాబ్ వైపు చూశాను. పెద్దాయన దూరం నుంచే కనిపెట్టాడు. "ట్యాంకర్‌వే. తాగుండ్రి, ఫికర్ లేదు" అని కేకేశాడు. పందిరి చివర, తాళి కట్టే చోటికి కనబడకుండా నిలబడ్డ ముసలాయన భార్య దగ్గరికి ఆయనే పోయి, చెయ్యి పట్టుకోకుండా, మాటతోనే తీసుకొచ్చి ఆడవాళ్ళ వరసలో కూర్చోబెట్టాడు. కొందరు జరిగి జాగా ఇచ్చారు. కొందరు జరగలేదు.

బంతిలో అన్నం వడ్డిస్తున్న ఒక నడివయసామె నా విస్తరి ముందు ఆగి, నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"నల్లగొండల మిషన్ల గా ముసలాయన మాట మార్చింది నువ్వేనట గదా?"

"మార్చలేదమ్మా. ఆయన ఏమన్నడో గదే వినిపిచ్చిన."

"ఏమో మరి" అంది ఆమె. ఆ మాటలో కోపం లేదు, నమ్మకమూ లేదు. "పప్పు ఏసుకుంటవా?" అని అడిగి, నేను చెప్పేలోపే గరిటె వంచింది.